తవ్విన చెరువులో బంగారు తీగల జాడ: ఒక గాలం వేట కేస్ స్టడీ

కొత్త నీళ్ళకు వెళ్ళే గాలం వేటగాళ్ళకు తోడుగా వెళ్ళి, చేప (ఈ కేసులో బంగారు తీగ, అంటే కామన్ కార్ప్) ఎక్కడ తింటోందో కనిపెట్టడంలో సాయం చేయడం నా పని. పూడిక తీసి, గట్లు మార్చి, మళ్ళీ నీళ్ళు నింపిన చెరువుల్లో బాగా అనుభవం ఉన్నవాళ్ళే ఎక్కువగా తడబడటం చూస్తుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ బాధ తక్కువ, ఎందుకంటే మర్చిపోవాల్సింది వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. ఈ కేసులో ఆ తడబాటూ, దాని నుంచి బయటపడిన తీరూ రెండూ స్పష్టంగా కనిపించాయి కాబట్టి రాస్తున్నాను. చెరువును, మనిషిని గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను. లోతులు, దూరాలు, ఉష్ణోగ్రతలు మాత్రం నోట్‌బుక్‌లో రాసుకున్నట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

చెరువు విస్తీర్ణం ఐదెకరాల లోపే. తవ్వకముందు అడుగున మోకాలి లోతు నుంచి తొడ లోతు దాకా నల్లటి బురద ఉండేది. ఎండలు ముదిరితే నీళ్ళు పచ్చబడేవి, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఆయాసపడేవి. పగలంతా ఆక్సిజన్ ఇచ్చే నాచు రాత్రి తనే దాన్ని వాడేసుకుంటుంది. మిగిలిన కొంచెం కుళ్ళే బురద లాగేస్తుంది. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఇలా రెండు మూడుసార్లు చేపలు చనిపోయాక నిర్వాహకులు నీళ్ళు తోడించేశారు. చేపల్ని పక్క కుంటల్లోకి మార్చి, యంత్రాలు దింపి పూడిక తీయించారు. నడిమి భాగాన్ని మూడున్నర మీటర్ల లోతుకు తవ్వారు. గట్ల వెంట మొక్కలు పెరగడానికి లోతు తక్కువ మెట్టలా వదిలారు. తీసిన మట్టిలో కొంత ఒకచోట పోసి చిన్న దీవి చేశారు. నీళ్ళు నిండాక పాత చేపల్ని తిరిగి వదిలి, వాటితో పాటు చిన్నవి కొన్ని కలిపారు. కొన్ని నెలలు గాలం వేయనివ్వలేదు. ఆ తర్వాత పట్టి వదిలేసే పద్ధతిలో అనుమతించారు: ముల్లు లేని హుక్, పట్టిన చేపను పడుకోబెట్టడానికి తడిపిన మ్యాట్, పూర్తిగా ఆరబెట్టి తెచ్చిన వల. ఇవి తప్పనిసరి.

ఈ మార్పుల్లో వేటకు సంబంధించినంత వరకు ముఖ్యమైనవి రెండు. మొదటిది, ఎండిన అడుగు మళ్ళీ నీటిలో మునిగినప్పుడు మట్టిలోని పోషకాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. వాటిని వాడుకుంటూ ముందుగా స్థిరపడేవి కుట్టని దోమల్లాంటి పురుగుల లార్వాలు. బ్లడ్‌వార్మ్‌లు అంటామే, అవి. వాటి ఎరుపు హిమోగ్లోబిన్ వల్ల వచ్చింది, దాని బలంతోనే ఆక్సిజన్ తక్కువగా ఉన్న బురదలో కూడా బతుకుతాయి. బంగారు తీగకు ఇంతకన్నా సులువైన తిండి దొరకదు. రెండోది, ఈ పురుగులు అన్నిచోట్లా ఒకేలా పెరగవు. యంత్రం పచ్చి బంకమట్టి దాకా గీకేసిన చోట వాటికి తినడానికి ఏమీ ఉండదు. మెత్తటి పాత మట్టి మిగిలిన చోట గుట్టలుగా పెరుగుతాయి. అంటే చెరువు నిండా తిండి ఉంది, కానీ అది ముక్కలు ముక్కలుగా ఉంది. ఆ ముక్కలు ఎక్కడున్నాయన్నది యంత్రం నడిపినవాడి చేతిలో తేలిపోయింది.

వచ్చిన సమస్య

నన్ను పిలిచినాయన వయసులో పెద్దవారు. పాత చెరువులో ఏళ్ళ తరబడి గాలం వేశారు. ఏ చెట్టు ఎదురుగా ఎంత దూరంలో గుంత ఉందో, తూము దగ్గర ఏ నెలలో చేప తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. తిరిగి తెరిచాక మాత్రం అరచేతి కన్నా కొంచెం పెద్దవి ఒకటి రెండు తప్ప ఏమీ తగల్లేదు.

"పెద్ద చేపలు పోయాయి తమ్ముడూ. కుంటల్లోకి మార్చినప్పుడు చచ్చిపోయి ఉంటాయి. లేదా ఎవరికో అమ్మేసి ఉంటారు" అన్నారు. కోపం కన్నా దిగులే ఎక్కువగా ఉంది ఆ మాటల్లో.

చేప తగలనప్పుడు మూడు సంగతులు ఉండొచ్చు: చేప లేకపోవడం, ఉన్నా తినకపోవడం, తింటున్నా మనం వేసిన చోట కాకుండా ఇంకెక్కడో తినడం. మూడింటికీ చేయాల్సింది వేరు. చేప లేకపోతే చెరువు మార్చాలి. తినకపోతే వేచి ఉండాలి. వేరే చోట తింటుంటే వెతకాలి. చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే ఎర మార్చడం మొదలుపెడతారు.

మొదటిదాన్ని కొట్టేయడం తేలికే. తిరిగి వదిలినప్పటి లెక్కలు నిర్వాహకులు చూపించారు, పెద్దవి అందులో ఉన్నాయి. కాగితం మీద ఉన్నంత మాత్రాన నీటిలో ఉన్నట్టు కాదు కాబట్టి వెలుతురు వచ్చే వేళకు గట్టు మీద నిలబడి చూశాం. దీవికి అవతల ఒక వెడల్పాటి వీపు నీళ్ళ మీద దొర్లి మునిగింది. పెద్దాయన మాట్లాడలేదు. రెండోది కూడా నిలబడలేదు. థర్మామీటర్‌ను తాడుకు కట్టి దింపితే తెల్లవారుజామున 15 డిగ్రీలు, మధ్యాహ్నానికి గట్టు పక్క 18. పది డిగ్రీల కిందికి పడితే బంగారు తీగ మందగిస్తుంది కానీ, ఈ వేడిలో తినకుండా ఉండదు. మిగిలింది మూడోదే.

మొదటి ప్రయత్నం: పాత గుర్తులు

తూము ఎదురుగా ఉన్న గుంతలోనే మొదలుపెడదామని ఆయన పట్టుబట్టారు. నేను అడ్డు చెప్పలేదు, దానికి కారణం ఉంది. ఏళ్ళ నమ్మకాన్ని మాటలతో కదిలించలేం, కొలిచి చూపించాలి. పైగా అక్కడ చేప లేదని నాకూ అప్పటికి రుజువు లేదు.

ఆయన తన పాత పద్ధతిలోనే వేశారు. మూడు కిలోల బాయిలీలు (పిండిని ఉండలు చేసి ఉడికించిన ఎర), నానబెట్టి ఉడికించిన మొక్కజొన్న, వాటి మధ్యలో హుక్ ఎర. పాత చెరువులో ఈ పద్ధతి పనిచేసింది. అక్కడ చేపలు ఏళ్ళుగా వేటగాళ్ళు వేసే ఎరకు అలవాటు పడ్డాయి, పూడికలో సహజమైన తిండి తక్కువ, అందుకని ఎర పడిన చప్పుడుకే వచ్చేవి. ఇప్పుడు రాత్రంతా అలారం (లైన్ కదిలితే కూసేది) కూయలేదు. తెల్లారాక లాగితే హుక్ మీది బాయిలీ వేసినప్పుడు ఎంత గుండ్రంగా ఉందో అంతే గుండ్రంగా వచ్చింది. చిన్న చేపలు గీరిన గుర్తు కూడా లేదు. చుట్టూ మూడు కిలోల తిండి పడి ఉన్నా ఒక్క చిన్న చేప కూడా ముక్కు పెట్టలేదంటే, ఆ చోట తిరగాల్సిన అవసరం దేనికీ లేదన్నమాట.

అప్పుడు హుక్ లేకుండా ఒట్టి సీసపు బరువు కట్టి అదే చోట అడుగు వెంట లాగి చూపించాను. ఈ పని రాడ్ చివర కాదు, లైన్‌ను వేలి మీద ఆనించుకుని చేయాలి. సీసం గులకరాళ్ళ మీద వస్తే టకటకమని తెలుస్తుంది. మెత్తటి బురదలో నూనె రాసినట్టు జారుతుంది. నాచులో చిక్కుకుని, బరువెక్కి, ఒక్కసారిగా వదులుతుంది. తూము దగ్గర సీసం పట్టుకుపోయింది. కొంచెం బలంగా లాగితే జానెడు కదిలి మళ్ళీ పట్టుకుంది. బయటికి తీస్తే దానికి పసుపు రంగు బంకమట్టి అంటుకుని ఉంది. పెద్దాయన దాన్ని వేళ్ళతో నలిపి వాసన చూశారు. వాసన లేదు. పాత గుంత బురద అయితే కుళ్ళిన ఆకుల కంపు కొట్టేదట.

"ఇది మన చెరువు మట్టి కాదు" అన్నారు.

"మట్టి మీ చెరువుదే సార్. దాని మీదున్నదంతా లారీల్లో వెళ్ళిపోయింది, అంతే" అన్నాను.

రెండో ప్రయత్నం: లోతు

తర్వాత నడిమి లోతు మీద దృష్టి పెట్టాం. రాత్రుళ్ళు ఇంకా చల్లగా ఉన్నాయి. లోతైన నీరు త్వరగా చల్లబడదు, కాబట్టి చేప రాత్రి అక్కడికి దిగి ఉండొచ్చన్నది ఆలోచన. తప్పు ఆలోచనేమీ కాదు. ఎర బాగా తగ్గించి, ఒక్కో రాడ్ చుట్టూ గుప్పెడు మాత్రమే వేశాం.

ఈసారి అలారాలు మోగాయి. కానీ ఒకసారి కూసి ఆగిపోవడం, లైన్ మీది సూచిక రెండంగుళాలు లేచి నెమ్మదిగా దిగడం, అంతే. చేప ఎర పట్టుకుని లైన్ లాక్కుపోయే పరుగు ఒక్కటీ లేదు. ఆయన రెండుసార్లు ఎగిరి రాడ్ అందుకున్నారు, అవతల ఏమీ లేదు. ఎర తీసుకున్న చేప సూచికను అలా దించదు, ఎందుకంటే లైన్ బిగుసుకుని పోతూనే ఉంటుంది. లైన్‌కు చేప ఒళ్ళు తగిలి దాటిపోయినప్పుడే లేచి దిగుతుంది. అంటే మూడున్నర మీటర్ల నీటిలో చేపలు అడుగుకు దిగడం లేదు, మధ్య ఎత్తులో ఈదుకుంటూ పోతున్నాయి.

మధ్య ఎత్తులో ఉంటే అక్కడే ఎర పెట్టొచ్చు కదా అని, అడుగు నుంచి రెండు మీటర్ల ఎత్తున తేలే నల్లటి ఫోమ్ ముక్కతో ఒక రాడ్ వేశాం. నీటిలో పైకి లేచే పురుగును పోలి ఉంటుంది ఈ ముక్క. దానికి ఒక చేప పడింది. రెండు కిలోలు, పొలుసులు నిగనిగలాడుతున్న కొత్త చేప. పెద్దాయన ముఖం వెలిగింది, ఇక అన్ని రాడ్లూ ఇలాగే వేద్దామన్నారు.

నేను వద్దన్నాను. ఈ కేసు మొత్తంలో బాగా ఆలోచించాల్సి వచ్చిన నిర్ణయం ఇదే. చేతిలో ఒక చేప ఉన్నప్పుడు పద్ధతి మార్చమనడం ఎవరికీ రుచించదు. అయితే ఆ చేప దారిన పోతూ నోరు పెట్టిన చేప. దారిన పోయేవాటిని పట్టాలంటే ఏ ఎత్తులో పోతున్నాయో ప్రతి గంటా ఊహించాలి, అది గాలితో, ఎండతో మారిపోతూ ఉంటుంది. అవి ఎక్కడికి పోతున్నాయో తెలిస్తే అక్కడ అడుగున కూర్చుని తింటున్న చేపే దొరుకుతుంది. లైన్‌కు తగిలిన చేపలు నాకు ఇచ్చిన సమాచారం ఒక దిక్కు. రాత్రి మోగినవన్నీ దీవి వైపు రాడ్ మీదే ఎక్కువ మోగాయి.

గాలం పక్కన పెట్టి

మర్నాడు రాడ్లు సంచిలోంచి తీయలేదు. పెద్దాయనకు ఇది ఏమాత్రం నచ్చలేదు. "చూడ్డానికి వచ్చామా, పట్టడానికా?" అని రెండుసార్లు అడిగారు.

గాలి దీవి ఉన్న మూలకు వీస్తోంది. ఆ మూల నీటి మీద సన్నటి పొట్టులాంటిది తెరలా పేరుకుంది. చేత్తో తీసి చూస్తే పురుగులు రెక్కలు వచ్చి ఎగిరిపోయాక వదిలేసిన ఖాళీ తొడుగులు. గాలి వాటిని ఎక్కడి నుంచైనా కొట్టుకురాగలదు కాబట్టి అవి ఉన్నచోటే పురుగులు పుట్టాయని అనలేం. చెరువులో ఎక్కడో పెద్ద ఎత్తున పుడుతున్నాయని మాత్రం తేలింది.

అసలు జాడ ఇచ్చినవి బుడగలు. పాత చెరువులో బుడగల్ని ఆయన ఎప్పుడూ లెక్కచేయలేదట. అది సబబే. అంత బురద ఉన్నచోట కుళ్ళు వాయువు ఎక్కడపడితే అక్కడ బుడబుడమని వస్తూనే ఉంటుంది, చేప ఉన్నా లేకపోయినా. బురద తీసేసిన చెరువులో అలా రాదు. కాబట్టి ఇక్కడ బుడగ వచ్చిందంటే దాన్ని ఎవరో కదిలించారని అర్థం. దీవికి ఈవల, గట్టు నుంచి యాభై మీటర్ల దూరంలో ఆవగింజలంత బుడగలు గుంపుగా పైకి వచ్చాయి. ఆగాయి. మూడు నాలుగు అడుగుల అవతల మళ్ళీ వచ్చాయి. బంగారు తీగ మట్టిని నోటితో పీల్చి, తిండి ఉంచుకుని మిగతాది ఊదేస్తూ ముందుకు జరుగుతుంది. ఆ బుడగల బాట కూడా అలాగే జరిగింది. వంకర లేకుండా, గీత గీసినట్టు. చేపలు వరసగా ఒక గీత మీద తింటున్నాయంటే అడుగున ఆ గీత ఉండాలి.

"ఎండిపోయినప్పుడు చెరువును చూశారా సార్?" అని అడిగాను.

ఆయన ఫోన్ తీశారు. పూడిక తీస్తున్న రోజుల్లో మనసు ఆగక వచ్చి తీసుకున్న ఫోటోలు అందులో పదుల్లో ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాటిని పాత చెరువు పోయిందన్న బాధతో చూసుకున్నారే గానీ పటంలా చూడలేదు. ఒక ఫోటోలో గట్టు మీది నుంచి దీవి పోస్తున్న చోటికి లారీలు దిగడానికి రాళ్ళు, మొరం పరిచి చేసిన బాట తిన్నగా కనిపిస్తోంది. ఇంకోదాంట్లో ఆ బాటకు ఒక పక్కన యంత్రం చెయ్యి అందని చోట నల్లటి మట్టి కట్టలా మిగిలిపోయింది. పని అయ్యాక బాటను తీసేయకుండా దాని మీదే నీళ్ళు నింపేశారు. గట్టు మీది చెట్టును, ఎదుటి గట్టు మీది కరెంటు స్తంభాన్ని ఫోటోతో సరిపోల్చితే బుడగలు వచ్చిన గీతకు అదే చోటు.

సీసం వేసి లాగాం. టకటకమని వచ్చి, ఒక్కసారిగా ఏమీ లేనట్టు జారింది. బయటికి తీస్తే నల్లటి మట్టి, ఘాటైన వాసన, ఆ మట్టిలో మెలికలు తిరుగుతున్న ఒక ఎర్రటి దారం. పెద్దాయన దాన్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశారు.

లోతు కొలిచే మార్కర్ బెండు వేసి చూస్తే బాట మీద ఒకటిన్నర మీటర్లు, పక్క మెత్తటి పట్టీలో రెండున్నర. పట్టీ వెడల్పు రెండు మీటర్లకు మించదు. ఇక్కడ గురి తప్పితే పడేది మళ్ళీ బంకమట్టి మీదే. గట్టు మీద రెండు పుల్లలు 12 అడుగుల దూరంలో గుచ్చి లైన్‌ను వాటి చుట్టూ తిప్పి కొలిస్తే పట్టీ దాకా 14 చుట్లు వచ్చింది. అంటే 168 అడుగులు, 51 మీటర్ల చిల్లర. రీల్ క్లిప్‌లో లైన్ బిగించేశాం. ఇక చీకట్లో వేసినా దూరం మారదు.

పనిచేసినది

మూడు రాడ్లను మూడు రకాలుగా వేశాం. ఒకటి మెత్తటి పట్టీలో, ఒకటి రాళ్ళ బాట అంచున, మూడోది తూము దగ్గర పాత గుంతలోనే. మూడోదానికి పెద్దాయన ఆశ్చర్యపోయారు. ఒకవేళ చేపలు పడితే అది చోటు వల్ల పడిందా, లేక ఆ రోజు చెరువంతా బాగుండి పడిందా తేల్చుకోవడానికి ఏదో ఒక పోలిక కావాలి. అందుకే దానికీ అదే ఎర, అదే హుక్ వేశాం.

ఎర విషయంలో ఆయన పద్ధతికి పూర్తిగా ఎదురు వెళ్ళాం. నానబెట్టిన సన్న పెల్లెట్లు, సన్నగా తరిగిన వానపాములు, నాలుగైదు మొక్కజొన్న గింజలు. రాడ్‌కు ఒక గుప్పెడు, అంతకు మించి లేదు. చేప అప్పటికే అక్కడ కడుపారా తింటోంది. మనం విందు పెట్టి పిలవాల్సిన పని లేదు, దాని కంచంలో ఒక మెతుకు కలిపితే చాలు. హుక్ మీద రెండు చిన్న గింజలు, వాటిలో ఒకటి తేలే రకం. రెండూ కలిసి హుక్ బరువుకు నెమ్మదిగా దిగుతాయి, బురదలో కూరుకుపోకుండా దాని పైనే నిలుస్తాయి.

మెత్తటి చోట 55 గ్రాముల సీసం, హుక్ వెనక జానెడున్నర దారం. బరువైన సీసం వేస్తే అది మునిగిపోతూ దారాన్నీ లోపలికి లాగేస్తుంది. రాళ్ళ అంచున మాత్రం 85 గ్రాములు, దారం జానెడు కన్నా తక్కువ. గట్టి అడుగున చేప ఎరను పీల్చి వెంటనే ఊదేస్తుంది, ఆ లోపే హుక్ గుచ్చుకోవాలంటే సీసం బరువు వెంటనే తగలాలి. రెండింటికీ హెయిర్ రిగ్. 1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ రూపొందించిన ఈ ఏర్పాటులో ఎర హుక్ మీద ఉండదు, హుక్ కింద చిన్న దారానికి వేలాడుతుంది. ముట్టుకోగానే గట్టిగా తగిలే హుక్ ఎరకు అడ్డు రాదు కాబట్టి చేప మామూలుగానే పీలుస్తుంది, ఖాళీ హుక్ వెంట వెళ్ళి పెదవికి గుచ్చుకుంటుంది. లైన్లను బిగించకుండా వదులుగా దించి అడుగుకు ఆనేలా చూశాం. బాట మీద ఒకటిన్నర మీటరే లోతు, బిగిసిన లైన్‌కు తగిలితే చేప బెదిరి గుంపంతా కదిలిపోతుంది.

చీకటి ఉండగానే వేసి కూర్చున్నాం. గాలి ముందురోజు లాగానే దీవి మూలకు వీస్తోంది. తొలి వెలుగులో మెత్తటి పట్టీలోని రాడ్ ఆగకుండా మోగింది. చేప నడిమి లోతుకు పరిగెత్తింది, పెద్దాయన తొందరపడకుండా తిప్పుకుని వచ్చారు. ఆరు కిలోల పైచిలుకు. మ్యాట్ మీద పెట్టగానే పెదవుల చుట్టూ, మీసాల మీద నల్లటి మట్టి. హుక్ తీస్తుండగా చేప మ్యాట్ మీదే విసర్జించింది. ఎవరూ దాన్ని పట్టించుకోరు, కడిగేస్తారు. నేను పుల్లతో విడదీసి చూశాను. గోధుమ రంగు ముద్ద, అందులో నత్తగుల్ల పెంకుల నలిగిన ముక్కలు, ఎర్రటి తొక్కలు. మొక్కజొన్న పొట్టు ఒక్కటీ లేదు. బంగారు తీగకు జీర్ణాశయం ఉండదు, గొంతులోని పళ్ళతో నలిపినది నేరుగా పేగులోకి పోతుంది. దాని పేగులో ఉన్నదంతా దాదాపు ఆ చుట్టుపక్కల ఇటీవల తిన్నదే.

ఈ చిన్న పరిశీలన తర్వాతి నిర్ణయానికి ఆధారమైంది. ఇంకో రెండు చేపలు వెంటవెంటనే పడ్డాక పెద్దాయన బకెట్ దగ్గరికి వెళ్ళారు. "ఇప్పుడు వేస్తేనే నిలబడతాయి తమ్ముడూ" అన్నారు. చాలా చెరువుల్లో ఆయన మాట నిజం. ఎర అయిపోతే గుంపు వెళ్ళిపోతుంది. ఇక్కడ గుంపును నిలిపింది మన ఎర కాదు, ఆ పట్టీలోని పురుగులు. వాటి మీద మూడు కిలోల బాయిలీలు పోస్తే చప్పుడుకు చెదిరిపోవచ్చు, చెదరకపోయినా హుక్ మీది గింజ వందల్లో ఒకటైపోతుంది. పట్టిన చేప స్థానంలో మళ్ళీ ఒక గుప్పెడు, అంతే వేద్దామన్నాను. బకెట్ మూత మళ్ళీ పెట్టేశారు, కాస్త చిన్నబుచ్చుకునే.

పొద్దెక్కి గాలి ఆగేదాకా చేపలు వస్తూనే ఉన్నాయి. ఎక్కువ భాగం నాలుగు నుంచి ఏడు కిలోల మధ్య. రాళ్ళ అంచున పడినవి తక్కువ, అయితే ఆ రోజు అన్నిటికన్నా పెద్దది అక్కడే తగిలింది. పదకొండు కిలోలు, బంగారు తీగలోనే పొలుసులు అక్కడక్కడ మాత్రమే ఉండే మిర్రర్ కార్ప్ రకం. తూము దగ్గరి రాడ్ కదలనే లేదు.

ఆ పెద్ద చేపను మ్యాట్ మీద తిప్పినప్పుడు పెద్దాయన ఫోన్ కోసం జేబులు తడుముకున్నారు. మిర్రర్ కార్ప్‌లో పొలుసుల అమరిక ఒక్కో చేపకు ఒక్కోలా ఉంటుంది, వయసుతో మారదు. ఎడమ పక్కన తోక దగ్గర మూడు పెద్ద పొలుసులు, వాటి మీద విడిగా ఒకటి. నాలుగేళ్ళ కిందట తూము గుంతలో ఆయన పట్టి వదిలిన చేప ఫోటోలో అవే నాలుగు. "అమ్మేశారనుకున్నానే నిన్ను" అన్నారు చేపతో. నీళ్ళు పోస్తూనే ఉన్నాం. ఎక్కువసేపు ఉంచలేదు, రెండు చేతులతో నీటిలో నిలబెడితే మొప్పలు సర్దుకుని తనే జారిపోయింది.

ఇందులో నుంచి తీసుకోగలిగినవి

ఒక్క కేసుతో సూత్రాలు కట్టకూడదు. ఆ రోజు గాలి మాకు అనుకూలంగా వీచింది. అది చల్లటి ఎదురు దిక్కు నుంచి వచ్చి ఉంటే అదే పట్టీలో అంత చురుకు ఉండకపోవచ్చు. తూము రాడ్ ఖాళీగా ఉండటం వల్ల చోటుదే ముఖ్య పాత్ర అని నమ్ముతున్నాను, కానీ ఒక రాడ్ ఒక ఉదయం పెద్ద రుజువేమీ కాదు.

తవ్విన చెరువుకు వెళ్ళేవాళ్ళను ఇప్పుడు మొదట అడిగేది ఎండిన రోజుల ఫోటోల గురించే. నిర్వాహకుల దగ్గర, పని చేసినవాళ్ళ దగ్గర, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్ళ ఫోన్లలో అవి దాదాపు ఎప్పుడూ ఉంటాయి. వాటిలో వెతకాల్సింది లోతైన గుంతను కాదు. యంత్రం వదిలేసిన మూలలు, లారీల బాట, మట్టి కుప్ప పోసిన చోటు, చెయ్యి అందక మిగిలిన పాత అడుగు చూడాలి. లోతు ఎక్కడుందో సీసం చెబుతుంది, తిండి ఎక్కడ మిగిలిందో ఫోటో చెబుతుంది.

ఎర తగ్గించడం గురించి ఒక హెచ్చరిక. ఇది కొత్తగా నిండిన చెరువుకు, పురుగులు విరివిగా ఉన్న కాలానికి సరిపోయిన నిర్ణయం. ఏడాది రెండేళ్ళలో ఆ తొలి పోషకాల ఊపు తగ్గుతుంది, చేపల బరువు పెరుగుతుంది, తిండికి పోటీ వస్తుంది. అప్పుడు పెద్దాయన బకెట్‌కు మళ్ళీ రోజులు రావచ్చు. ఆ మాట ఆయనకు చెప్పాను కూడా, సంతోషించారు.

చోటు కూడా శాశ్వతం కాదు. వేడి పెరిగాక ఆ బాట అంచుల వెంట నాచు మొలిచింది, సీసం చిక్కుకోవడం మొదలైంది, తగిలే చేపలు తగ్గాయి. ఈమధ్య ఆయన ఫోన్ చేసి, కొత్త కాలువ నీళ్ళు వచ్చి పడే చోట పలచగా ఒండ్రు పేరుకుంటోందని, సీసానికి అంటిన మట్టి అప్పుడే నల్లబడుతోందని చెప్పారు. గాలం ఇంకా వేయలేదట. ముందు రెండు తెల్లవారుజాములు బుడగలు చూసి వేస్తానన్నారు.